గీత గీయడం ఈజీనే, ఏ గీత ఎక్కడ గీయాలో చూద్దాం: ఇన్ఫర్మాటికా మ్యాపింగ్‌లో ఏది దేనితో ఎలా కలపాలి

ఇన్ఫర్మాటికా అంటే ఒకచోటి (సోర్స్) డేటాని మార్చి ఇంకోచోట (టార్గెట్) లోడ్ చేసే టూల్, ఆ దారిని గీతలతో గీసిన బొమ్మే మ్యాపింగ్, దాన్ని రన్ చేసేది సెషన్. మొన్న మా టీంలో కొత్తగా చేరిన కుర్రాడు స్క్రీన్ షేర్ పెట్టి "అన్నా, మ్యాపింగ్ వాలిడ్ అనే వచ్చింది, సెషన్ సక్సీడ్ అయింది, రిజెక్ట్ అయిన రికార్డులు కూడా జీరోనే, అయినా బిజినెస్ వాళ్ళు డేటా అంతా తప్పు అంటున్నారు" అన్నాడు. సరే టార్గెట్ వైపు జూమ్ చెయ్ అన్నా. ఎక్స్‌ప్రెషన్ (లెక్కలు వేసే ట్రాన్స్‌ఫర్మేషన్, అంటే మ్యాపింగ్‌లో ఒక మెట్టు) నుంచి టార్గెట్‌కి అరవై గీతలు, ఒక్కటి కూడా ఇంకోదాన్ని దాటకుండా, గీతల నోట్‌బుక్‌లో గీసినట్టు నీట్‌గా ఉన్నాయి. నాకు అక్కడే డౌట్ కొట్టింది, ఎందుకంటే నిజం మ్యాపింగులు అంత నీట్‌గా ఉండవు. ఆటోలింక్ బై పొజిషన్ (వరస చూసి టూలే గీతలు కలిపే ఆప్షన్) కొట్టావా అంటే కొట్టా అన్నాడు. టార్గెట్‌లో 23వ స్థానంలో సోర్స్‌లో లేని కాలమ్ ఒకటి ఉంది, దాంతో అక్కడ్నుంచి అన్నీ ఒక మెట్టు జరిగిపోయాయి. అడ్రస్ లైన్ 2లో ఊరు పేరు, ఊరు కాలమ్‌లో స్టేట్, స్టేట్ కాలమ్‌లో 500016 అని పిన్‌కోడ్ కూర్చుంది. ఆఖరి కాలమ్‌కి ఎవరూ మిగల్లేదు కాబట్టి దానికి నల్, అంటే ఖాళీ. అన్నీ స్ట్రింగులే కావడంతో టూల్‌కి ఏ అభ్యంతరమూ లేదు, కిక్కురుమనకుండా లోడ్ చేసేసింది.

ఇది చూశాకే ఇది రాయాలనిపించింది. ఈ టూల్‌లో గీత లాగడం ఎవరికైనా అరగంటలో వచ్చేస్తుంది, కానీ ఒకే పని చేయడానికి మూడు దారులు ఉన్నప్పుడు ఏది ఎంచుకోవాలి అనేది ఎవరూ సరిగ్గా చెప్పరు. అమీర్‌పేటలో మైత్రీవనం పక్కన నేను నేర్చుకున్నప్పుడు కూడా డిఫరెన్సులు ఇంటర్వ్యూ కోసం బట్టీ పట్టించారు గానీ ఎంపిక ఎలా చేయాలో చెప్పలేదు (సార్ తప్పు లేదులెండి, మేం కూడా జాబ్ కోసమే వెళ్ళాం). నేను వాడే లెక్క ఒక్కటే: తప్పు జరిగితే ఏ పద్ధతి గట్టిగా అరుస్తుంది, ఏది నోరు మూసుకుని పోతుంది. అరిచేదాన్ని తీసుకుంటా, దానికి ఇంకో పది క్లిక్కులు ఎక్కువైనా సరే. కింద చెప్పేదంతా ఎక్కువగా పవర్‌సెంటర్ (ఇన్ఫర్మాటికాలో పాతది) గురించి, కొత్తదైన క్లౌడ్ సంగతి చివర్లో చెప్తా.

చేత్తో లాగడమా, పేరుతోనా, వరసతోనా

ముందు మామూలు లింకుల సంగతి. పోర్ట్ (ట్రాన్స్‌ఫర్మేషన్‌లో ఒక్కో కాలమ్) పట్టుకుని పక్క ట్రాన్స్‌ఫర్మేషన్ పోర్ట్ మీద వదలడం ఒకటి, లేఅవుట్ మెనూలోంచి ఆటోలింక్ బై నేమ్ ఒకటి, బై పొజిషన్ ఇంకొకటి. పొజిషన్ అంటే మొదటిది మొదటిదానికి, రెండోది రెండోదానికి అంతే, పేరుతో దానికి పనిలేదు. నా వరకు పొజిషన్ వాడే సందర్భం ఒక్కటే, స్టేజింగ్ టార్గెట్‌ని (డేటా తాత్కాలికంగా దించుకునే టేబుల్) అదే సోర్స్ క్వాలిఫయర్ (సోర్స్ డేటాని చదివే మెట్టు) నుంచి అప్పటికప్పుడు తయారు చేసుకున్నప్పుడు, అప్పుడు రెండూ అచ్చు ఒకటే అని కళ్ళతో చూశాం కాబట్టి. మిగతా అన్నిచోట్లా పేరుతోనే. పేరుతో కలిపేటప్పుడు పెద్ద అక్షరాలు చిన్న అక్షరాలు తేడా పట్టించుకోదు, ఇంకా ప్రిఫిక్స్ సఫిక్స్ ఇచ్చే ఆప్షన్ కూడా ఉంటుంది, అంటే ఎక్స్‌ప్రెషన్‌లో అవుట్‌పుట్ పోర్టులన్నీ O_ అనే అక్షరాలతో మొదలుపెట్టారనుకోండి, అది తీసేసి పోల్చుకుంటుంది. చాలామందికి ఆ బటన్ వెనక ఆ ఆప్షన్లు ఉన్నాయనే తెలియదు, పేర్లు కలవట్లేదు కదా అని పొజిషన్‌కి వెళ్ళిపోతారు, అక్కడే దెబ్బ తింటారు.

పేరు పద్ధతిలో నాకు నచ్చేది ఏంటంటే కలవనిది కలవకుండా ఖాళీగా మిగిలిపోతుంది, అది కంటికి కనపడుతుంది. పొజిషన్‌లో అయితే ఖాళీ చివర్లో ఒక్కటే కనపడుతుంది, అసలు తప్పు మధ్యలో ఉంటుంది.

చెక్ చేయడానికి ఒక చిట్కా. అరవై గీతల్ని మౌస్‌తో వెంబడించడం ఎవరి వల్లా కాదు. పోర్ట్ మీద రైట్ క్లిక్ చేసి సెలెక్ట్ లింక్ పాత్ బ్యాక్‌వర్డ్ అంటే ఆ ఒక్కదాని దారి మొత్తం హైలైట్ అవుతుంది, ఒకటి రెండు కాలమ్స్‌కైతే అది చాలు. మొత్తం చూడాలంటే మ్యాపింగ్‌ని ఎక్స్‌ఎంఎల్‌గా ఎక్స్‌పోర్ట్ చేయండి, అందులో ప్రతి గీతకీ కనెక్టర్ అని ఒక ట్యాగ్ ఉంటుంది, ఏ ఫీల్డ్ నుంచి ఏ ఫీల్డ్‌కి అని రెండు పేర్లూ పక్కపక్కనే ఉంటాయి. టార్గెట్‌కి వెళ్ళేవి మాత్రం ఫిల్టర్ చేసి ఎక్సెల్‌లో వేసుకుని రెండు పేర్లూ తేడాగా ఉన్నవి చూస్తే చాలు, ఐదు నిమిషాల పని. మా వాడి మ్యాపింగ్‌లో 23 నుంచి కిందకి మొత్తం తేడానే.

రెండు టేబుల్స్ కలపాలి: క్వాలిఫయరా, జాయినరా, లుకప్పా

అసలు గొడవంతా ఇక్కడే. మనందరికీ తెలిసిన ఎంప్ (ఉద్యోగులు), డెప్ట్ (డిపార్ట్‌మెంట్లు) తీసుకుందాం, ఒరాకిల్ డేటాబేస్‌లో స్కాట్ యూజర్ కింద ఉండే శాంపిల్ టేబుల్స్. ఎంప్‌లో 14 మంది, డెప్ట్‌లో 4 డిపార్ట్‌మెంట్లు, అందులో 40 నంబర్ ఆపరేషన్స్‌లో ఒక్కడూ లేడు. ఆ ఖాళీ డిపార్ట్‌మెంటే మనకి టీచర్.

రెండు టేబుల్సూ ఒకే డేటాబేస్‌లో ఉంటే వేరే ఆలోచన పెట్టుకోకుండా సోర్స్ క్వాలిఫయర్‌లోనే జాయిన్ చేసేయండి. రెండు సోర్సులనీ ఒకే క్వాలిఫయర్‌లోకి లాగితే సరిపోతుంది, జాయిన్ పని డేటాబేస్ చూసుకుంటుంది, ఇండెక్సులు వాడుకుంటుంది, మన సర్వర్‌కి తయారైన రికార్డులే వస్తాయి. కానీ ఇందులోనే రెండు రకాలున్నాయి. యూజర్ డిఫైన్డ్ జాయిన్ అనే చోట కండిషన్ మాత్రం రాయడం ఒకటి, మొత్తం క్వెరీని మనమే ఓవర్‌రైడ్ చేయడం ఇంకొకటి. అందరూ ఓవర్‌రైడ్‌కే ఎగబడతారు, ఎందుకంటే టోడ్‌లో (క్వెరీలు రన్ చేసే టూల్) రన్ చేసిన క్వెరీ తెచ్చి పేస్ట్ చేస్తే అయిపోతుంది కదా.

ఓవర్‌రైడ్‌లో సంగతేంటంటే, మీ సెలెక్ట్‌లో కాలమ్స్ వరస, క్వాలిఫయర్‌లోంచి బయటికి గీత ఉన్న పోర్టుల వరస, రెండూ ఒకటే అయి ఉండాలి. పేర్లు చూడదు. ఎంప్‌లో శాల్ (జీతం), కామ్ (కమిషన్) రెండూ నంబర్ 7,2 టైపే. క్వెరీలో ఎవరో కామ్ ముందు రాసి శాల్ తర్వాత రాశారనుకోండి, అంతే, ఆ టేబుల్‌లో ఉన్న కింగ్ గారి జీతం నల్, కమిషన్ 5000. అలెన్ జీతం 300, కమిషన్ 1600. టర్నర్ పాపం జీతం సున్నా. కాలమ్స్ సంఖ్య తేడా వస్తే వాలిడేట్ కొట్టగానే ఇన్ని ఫీల్డ్స్ రావాలి అని తిడుతుంది గానీ వరస తేడా అయితే ఏమీ అనదు. పైగా ఇంకో తిరకాసు, ఎవరైనా తర్వాత వచ్చి మధ్యలో ఒక పోర్ట్ గీత తీసేస్తేనో కొత్తది కలిపితేనో ఆ వరస మారిపోతుంది, క్వెరీ మాత్రం పాతదే ఉంటుంది. యూజర్ డిఫైన్డ్ జాయిన్, దాంతోపాటు సోర్స్ ఫిల్టర్ వాడితే సెలెక్ట్‌ని టూలే రాసుకుంటుంది, గీత ఉన్న పోర్టులనే అడుగుతుంది, కాబట్టి ఈ తలనొప్పే ఉండదు. సబ్‌క్వెరీలు, అనలిటికల్ ఫంక్షన్లు తప్పనిసరి అయితేనే ఓవర్‌రైడ్, లేకపోతే వద్దు. అదీ కాకపోతే డేటాబేస్‌లో వ్యూ (క్వెరీనే టేబుల్‌లా చూపించేది) పెట్టించుకుని దాన్నే సోర్స్‌గా తెచ్చుకోండి, డేటాబేస్ చూసుకునే డీబీఏ ఒప్పుకుంటే (ఒప్పుకోడు).

జాయినర్ ఎప్పుడంటే, ఒకటి ఒరాకిల్‌లో ఉండి ఇంకోటి ఫైల్‌గా వస్తుంటే, లేదా రెండు వేర్వేరు డేటాబేసుల్లో ఉంటే. ఇందులో మాస్టర్, డిటెయిల్ అని రెండు వైపులు, మాస్టర్ వైపుది క్యాష్‌లో (త్వరగా వెతకడానికి సర్వర్ తన దగ్గర దాచుకునే కాపీ) పెట్టుకుంటుంది కాబట్టి చిన్న టేబుల్‌ని మాస్టర్ చేయాలి, ఇక్కడ డెప్ట్. ఇంకా కండిషన్‌లో ఈక్వల్ టు తప్ప వేరేది కుదరదు, నల్‌కి నల్ మ్యాచ్ అవ్వదు. అందరూ తడబడేది పేర్ల దగ్గర. మాస్టర్ ఔటర్ అంటే మాస్టర్ అంతా వస్తుందనుకుంటారు, కాదు, డిటెయిల్ అంతా వస్తుంది, మాస్టర్‌లో మ్యాచ్ అయినవి మాత్రం వస్తాయి. డిటెయిల్ ఔటర్ అంటే మాస్టర్ అంతా. లెక్కేసి చూడండి: నార్మల్ జాయిన్ అయితే 14 రికార్డులు, మాస్టర్ ఔటర్ అయినా 14 రికార్డులే, డిటెయిల్ ఔటర్ అయితే ఆపరేషన్స్ కూడా వచ్చి 15, ఫుల్ ఔటర్ కూడా 15. ఏ ఆప్షనో డౌట్ వస్తే నేను ఇప్పటికీ మనసులో ఈ 14, 15 వేసుకుని చూసుకుంటా, సిగ్గేం లేదు. మీ డేటాలో కూడా అలాంటి ఖాళీ డిపార్ట్‌మెంట్ ఒకటి ఉండేలా టెస్ట్ డేటా పెట్టుకోండి, లేకపోతే నాలుగు ఆప్షన్లూ ఒకే కౌంట్ ఇస్తాయి, టెస్టింగ్‌లో పాస్ అయ్యి ప్రొడక్షన్‌లో దొరుకుతాయి.

లుకప్ అంటే ఒక్కో రికార్డుకీ వేరే టేబుల్‌లో వెతికి విలువ తెచ్చేది, దాని మీద మనవాళ్ళకి ప్రేమ ఎక్కువ, ప్రతిదానికీ లుకప్పే. నిజమే, జాయినర్‌కి రాని పని ఒకటి దీనికొచ్చు, ఈక్వల్ కాని కండిషన్. శాల్‌గ్రేడ్ టేబుల్ గుర్తుందా, గ్రేడ్ 1 అంటే 700 నుంచి 1200, గ్రేడ్ 5 అంటే 3001 నుంచి 9999. జీతం ఏ రేంజ్‌లో పడుతుందో చూసి గ్రేడ్ తేవాలంటే జాయినర్‌లో దారి లేదు, లుకప్‌లో రెండు కండిషన్లు పెడితే అయిపోతుంది. అలాగే ఉంటే తెచ్చుకో లేకపోతే నల్ పెట్టుకో అనే పనికి లుకప్ సరిగ్గా సరిపోతుంది, ఎంప్ మీదే లుకప్ పెట్టి మేనేజర్ పేరు తెస్తే 13 మందికి పేరొస్తుంది, కింగ్‌కి పైన ఎవరూ లేరు కాబట్టి నల్.

తేడా ఎక్కడంటే రికార్డుల సంఖ్య దగ్గర. డెప్ట్ సోర్స్‌గా పెట్టుకుని ఎంప్ మీద డెప్ట్‌నో (డిపార్ట్‌మెంట్ నంబర్) తో లుకప్ పెడితే ఎంతమంది వస్తారు? నాలుగు డిపార్ట్‌మెంట్లకి నాలుగే రికార్డులు. 30వ డిపార్ట్‌మెంట్‌లో ఆరుగురున్నా ఒక్కడే వస్తాడు, ఎవడొస్తాడో మల్టిపుల్ మ్యాచ్ ఆప్షన్ బట్టి ఉంటుంది, ఫస్ట్, లాస్ట్, ఎనీ. మిగతా ఐదుగురు ఏమయ్యారని అది చెప్పదు, లాగ్‌లో ఒక్క ముక్క ఉండదు. వెర్షన్ 9 నుంచి అన్నీ రిటర్న్ చేసే ఆప్షన్ వచ్చింది, అది పెడితే లుకప్ యాక్టివ్ (రికార్డుల సంఖ్య మార్చగలిగేది, మార్చనిది పాసివ్) అయిపోతుంది, అంటే కింద లింకుల రూల్సు మారిపోతాయి, అది తర్వాత చెప్తా. ఒక కీకి ఒకటే రికార్డు ఉండాలి అని మీకు గట్టి నమ్మకం ఉన్న టేబుల్ అయితే మాత్రం నేను మల్టిపుల్ మ్యాచ్‌లో రిపోర్ట్ ఎర్రర్ పెడతా. నమ్మకం నిజమైతే ఏ నష్టమూ లేదు, అబద్ధమైతే ఆ రోజే తెలుస్తుంది, ఆర్నెల్ల తర్వాత ఆడిట్‌లో తెలియడం కంటే అది నయం.

సైజు సంగతి కూడా చూసుకోండి. లుకప్ టేబుల్‌లో ఐదు కోట్ల రికార్డులుండి సోర్స్ నుంచి రోజూ రెండొందలు వస్తుంటే ఐదు కోట్లూ క్యాష్ చేయడం అంటే ఎకరం పొలంలో నీళ్ళు పెట్టి ఒక తులసి మొక్క తడిపినట్టు. అలాంటప్పుడు క్యాష్ తీసేయండి లేదా లుకప్ క్వెరీలోనే ఫిల్టర్ పెట్టండి. దానికి ఎదురుగా సోర్సే కోట్లలో ఉండి లుకప్ టేబుల్ వేలల్లో ఉంటే క్యాష్ పెట్టే తీరాలి, లేకపోతే ప్రతి రికార్డుకీ డేటాబేస్‌కి వెళ్ళి తలుపు తడుతూ కూర్చుంటుంది.

కనెక్టెడ్ లుకప్, అన్‌కనెక్టెడ్ లుకప్

ఇంటర్వ్యూలో దీన్ని అడగని వాళ్ళు లేరు, ఉద్యోగంలో దీన్ని సరిగ్గా వాడేవాళ్ళు తక్కువ. కనెక్టెడ్ అంటే పైప్‌లైన్‌లో గీతలతో ఉంటుంది, ఎన్ని కాలమ్స్ కావాలంటే అన్ని ఇస్తుంది, మ్యాచ్ కాకపోతే ఇవ్వాల్సిన డిఫాల్ట్ విలువ పెట్టుకోవచ్చు, డైనమిక్ క్యాష్ (రన్ మధ్యలో మారేది, మారనిది స్టాటిక్) కూడా దీనికే ఉంది. అన్‌కనెక్టెడ్ అంటే ఏ గీతా లేకుండా మూల కూర్చుని ఉంటుంది, ఎక్స్‌ప్రెషన్‌లో ఫంక్షన్‌లా పిలిస్తే ఒకే ఒక్క విలువ తెస్తుంది, మ్యాచ్ కాకపోతే నల్, క్యాష్ స్టాటిక్ మాత్రమే.

అన్‌కనెక్టెడ్ ఎప్పుడు? కండిషన్ మీద పిలవాలంటే. పదిలో ఒక రికార్డుకే బ్రాంచ్ కోడ్ ఖాళీగా వస్తుంది, దానికి మాత్రం వేరే టేబుల్‌లో వెతకాలి అంటే ఇఫ్ నల్ అయితే పిలువు అని రాస్తాం, అక్కడ ఇది బాగుంటుంది. ఒకే లుకప్‌ని మూడు నాలుగు చోట్ల వాడాలన్నా, షిప్పింగ్ కంట్రీ, బిల్లింగ్ కంట్రీ, ఇలాంటివాటికి, ఒకే క్యాష్‌తో పని జరిగిపోతుంది.

ఎప్పుడు వద్దు? రెండు కాలమ్స్ కావాల్సి వచ్చిన క్షణం నుంచి వద్దు. ఒక్కటే రిటర్న్ పోర్ట్ కదా అని లుకప్ క్వెరీలో మూడు కాలమ్స్‌ని పైప్ (|) గుర్తుతో అతికించి ఒకటిగా తెచ్చి, ఎక్స్‌ప్రెషన్‌లో సబ్‌స్ట్రింగ్‌తో మళ్ళీ ముక్కలు చేసే విద్య ఒకటుంది. నేనూ చేశా, అప్పట్లో గొప్పగా అనిపించింది. ఒక కస్టమర్ పేరులోనే పైప్ గుర్తు వచ్చేవరకు. అప్పుడు ఫోన్ నంబర్ ప్లేసులో సగం పేరు వెళ్ళి పడింది, టూల్‌కి ఏం తెలుస్తుంది, అన్నీ స్ట్రింగులే కదా.

ఇంకోటి, అన్‌కనెక్టెడ్‌కి గీతలుండవు కాబట్టి కొత్తగా వచ్చినవాడు ఇదేదో వాడట్లేదులే అని డిలీట్ చేస్తాడు. నిజానికి ఇది నాకు పెద్ద భయం లేని తప్పు, ఎందుకంటే ఎక్స్‌ప్రెషన్ వెంటనే ఇన్‌వాలిడ్ అయ్యి అరుస్తుంది. అసలు ఇబ్బంది ఎక్కడంటే లింక్ పాత్ చూసినప్పుడు ఈ లుకప్ దారిలో కనపడదు, ఈ కాలమ్ ఎక్కడ్నుంచి వచ్చింది అని రాత్రి రెండింటికి సపోర్ట్ వాడు వెతుక్కుంటుంటే గీతలు వెనక్కి వెళ్ళి ఒక ఎక్స్‌ప్రెషన్ దగ్గర ఆగిపోతాయి. అందుకే వాడితే కనీసం ఆ ఎక్స్‌ప్రెషన్ పేరులోనో కామెంట్‌లోనో రాయండి.

ఈ రెండిట్లో దేనివైపూ మొగ్గు తెలియకపోతే కనెక్టెడ్ తీసుకోండి.

విడదీయడం, మళ్ళీ కలపడం

రౌటరా (కండిషన్ల ప్రకారం రికార్డుల్ని గ్రూపులుగా పంపేది), నాలుగు ఫిల్టర్లా అంటే రౌటరే, దీని మీద చర్చ అక్కర్లేదు, డేటా ఒక్కసారే చదువుతుంది. కానీ రెండు సంగతులు. ఒక రికార్డు రెండు గ్రూపుల కండిషన్లకీ సరిపోతే రెండింట్లోకీ వెళ్తుంది, ఎస్‌క్యూఎల్ కేస్ వెన్‌లా మొదటిదాని దగ్గర ఆగదు. రెండోది డిఫాల్ట్ గ్రూప్, దాని నుంచి గీత లాగకపోతే ఏ కండిషన్‌కీ సరిపోని రికార్డులు గాల్లో కలిసిపోతాయి. నేను ప్రతి రౌటర్ డిఫాల్ట్ గ్రూప్‌నీ ఒక ఎర్రర్ ఫైల్‌కి కలిపేస్తా, అవసరం ఉన్నా లేకున్నా. ఆ ఫైల్ రోజూ సున్నా రికార్డులతో వస్తుంటే మనసు ప్రశాంతంగా ఉంటుంది.

విడదీసినవి మళ్ళీ ఒకచోట కలపబోతే డిజైనర్ (మ్యాపింగ్ గీసే స్క్రీన్) ఒప్పుకోదు, గీత లాగుతుంటే అసలు పడనివ్వదు, కొత్తవాళ్ళకి పిచ్చెక్కేది ఇక్కడే. రూల్ ఏంటంటే, ఒక యాక్టివ్ ట్రాన్స్‌ఫర్మేషన్ నుంచి, ఇంకో యాక్టివ్ లేదా పాసివ్ దాని నుంచి ఒకే ఇన్‌పుట్ గ్రూప్‌లోకి గీతలు కలపకూడదు. అన్నీ పాసివ్ అయితే ఎన్నైనా కలుపుకోవచ్చు. ఎందుకంటే పెళ్ళిలో ఎదురెదురుగా రెండు బంతులు వేశారనుకోండి, ఎవరి ఎదురుగా ఎవరున్నారో జతలు చెప్పొచ్చు, ఒక బంతిలోంచి మధ్యలో ముగ్గురు లేచిపోయి మిగతావాళ్ళు సర్దుకుంటే ఇంక ఎవరికెవరు జతో చెప్పలేం. ఫిల్టర్ చేసేది అదే. కాబట్టి ఈ రూల్ మీద విసుక్కోకండి, అసలు ఈ టూల్ మొత్తంలో మనల్ని కాపాడే రూల్ ఇదొక్కటే అనిపిస్తుంది నాకు. దీనికి మినహాయింపు సీక్వెన్స్ జనరేటర్ (వరస నంబర్లు ఇచ్చేది), అది పాసివ్ అయినా యాక్టివ్‌తో కలిపి ఒకే చోటికి ఇవ్వొచ్చు, ఎందుకంటే దాని నంబరు ఏ రికార్డుకి వెళ్ళినా ఒకటే.

మరి కలపాలంటే? వరసగా ఒకదాని కింద ఒకటి పేర్చాలంటే యూనియన్, అది డూప్లికేట్స్ తీయదు, యూనియన్ ఆల్ లాంటిది, పేరు చూసి మోసపోకండి. పక్కపక్కన కాలమ్స్‌గా కలపాలంటే జాయినర్, అదే పైప్‌లైన్ రెండు కొమ్మలైతే సార్టెడ్ ఇన్‌పుట్ ఆప్షన్ తప్పనిసరి, ముందు సార్టర్ (రికార్డుల్ని క్రమంలో పెట్టేది) పెట్టాలి. కానీ చాలాసార్లు అసలు విడదీయడమే అనవసరం. మధ్యలో ఫిల్టర్ పెట్టే బదులు ఎక్స్‌ప్రెషన్‌లో ఒక ఫ్లాగ్ పోర్ట్ పెట్టి దాన్ని చివరిదాకా మోసుకెళ్ళి ఆఖర్లో ఒక్క ఫిల్టర్ పెడితే కొమ్మలే ఉండవు. పర్ఫార్మెన్స్ కోసం ఫిల్టర్ ముందుకి జరపాలి అని పుస్తకాల్లో ఉంటుంది, అది కూడా నిజమే, లక్షల్లో రికార్డులు పడిపోయేవైతే ముందే పడేయండి, పది ఇరవై అయితే ఫ్లాగే మేలు.

వర్క్‌ఫ్లోలో గీతలు

మ్యాపింగ్‌లో గీతల గురించి ఇంత కష్టపడి వర్క్‌ఫ్లో మేనేజర్‌లో (ఏ సెషన్ తర్వాత ఏది రన్ అవ్వాలో పెట్టే చోటు) సెషన్ల మధ్య గీతల్ని మాత్రం ఎవరూ పట్టించుకోరు. డైమెన్షన్ (కస్టమర్ లాంటి వివరాల టేబుల్) సెషన్, దాని తర్వాత ఫ్యాక్ట్ (లావాదేవీల టేబుల్) సెషన్, మధ్యలో ఒక గీత. ఆ గీత మీద కండిషన్ ఏమీ రాయకపోతే ముందుది ఫెయిలైనా తర్వాతది రన్ అవుతుంది. గీత ఉంది కదా ఆగుతుందిలే అనుకుంటారు, ఆగదు. మా దగ్గర ఒకసారి కస్టమర్ డైమెన్షన్ టేబుల్‌స్పేస్ (డేటాబేస్‌లో దానికిచ్చిన చోటు) నిండిపోయి ఫెయిలైంది, ఫ్యాక్ట్ మాత్రం దర్జాగా రన్ అయ్యి, కొత్త కస్టమర్లందరికీ లుకప్‌లో కీ దొరక్క, దొరకలేదని గుర్తుగా మైనస్ ఒకటి వేసుకుని పోయింది, వర్క్‌ఫ్లో పచ్చగా సక్సీడెడ్ అని చూపించింది. పొద్దున్న మాకు తెలిసేసరికి రిపోర్టులు వెళ్ళిపోయాయి.

కాబట్టి గీత మీద డబుల్ క్లిక్ చేసి ముందు టాస్క్ స్టేటస్ ఈక్వల్ టు సక్సీడెడ్ అని రాయడం ఒకటి, సెషన్ ప్రాపర్టీస్‌లో ఇది ఫెయిలైతే పేరెంట్‌ని ఫెయిల్ చెయ్ అని టిక్ పెట్టడం ఒకటి. ఏది అంటే రెండూ పెట్టండి. మొదటిది తర్వాత సెషన్‌ని ఆపుతుంది, రెండోది వర్క్‌ఫ్లోని ఎర్రగా చూపిస్తుంది, మొదటిది పెట్టి రెండోది పెట్టకపోతే ఆగిపోయిన సంగతి ఎవరికీ తెలియదు. రెండు మూడు గీతలు ఒకే టాస్క్‌లోకి వస్తుంటే ఇన్‌పుట్ లింకులు యాండా, ఆరా అని కూడా చూసుకోండి, మామూలుగా యాండ్ ఉంటుంది, ఆర్ చేస్తే ఏదో ఒకటి అవ్వగానే మొదలెట్టేస్తుంది.

పవర్‌సెంటర్ గీతలా, క్లౌడ్ రూల్సా

ఇప్పుడు అందరూ అడిగేది ఇదే. పవర్‌సెంటర్ 10.5కి స్టాండర్డ్ సపోర్ట్ గడువు 2026 మార్చి 31 అని ముందే చెప్పేశారు, 2025లో ఇన్ఫర్మాటికానే సేల్స్‌ఫోర్స్ కొనేసింది, కాబట్టి ఇవాళ కాకపోతే రేపు క్లౌడ్‌కి వెళ్ళేదే. అక్కడ పోర్ట్‌కి పోర్ట్ గీత ఉండదు, ట్రాన్స్‌ఫర్మేషన్‌కి ట్రాన్స్‌ఫర్మేషన్‌కి ఒక్కటే గీత, ఏ ఫీల్డ్స్ లోపలికి రావాలో ఫీల్డ్ రూల్స్‌తో చెప్తాం: అన్నీ, పేరు ఇచ్చినవి, ఫలానా డేటాటైప్‌వి, ఫలానా అక్షరాలతో మొదలయ్యేవి.

పాత పద్ధతిలో కొత్త కాలమ్ ఒకటి చేర్చాలంటే ఏడు ట్రాన్స్‌ఫర్మేషన్లలో ఏడుసార్లు లాగాలి, క్లౌడ్‌లో అన్నీ అనే రూల్ ఉంటే దానంతటదే చివరిదాకా వస్తుంది. హాయిగా ఉంటుంది, కాదనను. రెండు వైపుల నుంచి ఒకే పేరు ఫీల్డ్స్ జాయినర్‌లోకి వస్తే అక్కడే ఆపి పేర్లు మార్చమంటుంది, అంటే అరుస్తుంది, ఇదీ మంచిదే. కానీ ఆ అరుపు ఆపడానికి మనం ఏం చేస్తాం, మాస్టర్ వైపు ఫీల్డ్స్ అన్నిటికీ టకామని ఒక ప్రిఫిక్స్ తగిలించేస్తాం. ఇప్పుడు కింద టార్గెట్‌లో ఫీల్డ్ మ్యాపింగ్ ఆటోమేటిక్ అని పెట్టి ఉంటే అది ఒకే పేరున్నవాటినే కలుపుతుంది, ప్రిఫిక్స్ తగిలిన పది ఫీల్డ్స్ మెల్లగా జారిపోతాయి, టార్గెట్‌లో నల్. అందుకే నా ఎంపిక: మధ్యలో రూల్స్ ఎంత వదులుగా ఉన్నా పర్లేదు, టార్గెట్ దగ్గర మాత్రం మాన్యువల్ పెట్టండి, ఆటోమ్యాప్ బటన్ వాడుకుని మిగిలినవి చేత్తో కలిపి, మ్యాప్ కానివి ఎన్ని ఉన్నాయో చూసి సేవ్ చేయండి. రోజూ స్కీమా (కాలమ్స్ పేర్లు, టైపులు) మారే ల్యాండింగ్ టేబుల్స్‌కి (వచ్చిన డేటాని మొదట దించుకునేవి) మాత్రం ఆటోమేటిక్ ఉంచుకోవచ్చు, అక్కడ ఎవరూ రిపోర్టులు తీయరు కాబట్టి.

మా కుర్రాడి సంగతి చెప్పలేదు కదా. అరవై గీతలూ ఒక్క దెబ్బకి తీసేసి ఆటోలింక్ బై నేమ్ కొట్టాడు, యాభై మూడు కలిశాయి, ఏడు చేత్తో లాగాడు, ఎక్స్‌ఎంఎల్ తీసి కనెక్టర్లు నాకు పంపాడు, పాత లోడ్ డిలీట్ చేసి మళ్ళీ రన్ చేశాం. ఆ 23వ కాలమ్ పేరు ల్యాండ్‌మార్క్. సోర్స్‌లో అది లేనే లేదు, ఎక్కడ్నుంచి తేవాలో అడుగుతూ బిజినెస్ వాళ్ళకి మెయిల్ పెట్టాం, రిప్లై ఇంకా రాలేదు, అప్పటిదాకా నల్లే వెళ్తోంది.